బుడతకీచులకు నీళ్లిచ్చారా, బావి పూడ్చారా

పదో తరగతిలో చరిత్ర పరీక్షకు ముందురోజే బడికి సెలవిచ్చేసినవాణ్ణి నేను. అయినా పడవ ఇంజను దగ్గు వింటే దాని తాత ఏ దేశంవాడో చెప్పగలను. అంతటి నేనూ నోరు మూసుకుని వినేది యాసీనన్న మాటలే. ఆయనది రాయచోటి. గల్ఫ్‌లో రాస్ అల్ ఖైమా దగ్గరున్న చిన్న దీవికి సందర్శకులను నేను నడిపే పడవలో తీసుకెళ్లి, పాత కోట చూపించడం ఆయన పని.

ఆ దీవికి బుడతకీచులు, అంటే ఐదొందల ఏళ్ల నాటి పోర్చుగల్ ఓడలవాళ్లు, మొదట వచ్చిన రోజు గురించి రెండు కథలున్నాయి. దీవివాళ్లు ఖర్జూరాలు, మంచినీళ్లు ఇచ్చి ఆదరించారని ఓడ కెప్టెన్ ఉత్తరం. తెరచాపలు కనపడగానే ఉన్న ఒక్క బావినీ ఇసుకతో పూడ్చి తమ పెద్దలు పారిపోయారని దీవి ముసలివాళ్ల మాట. అన్న తెల్లవాళ్లకు ఖర్జూరాలు, అరబ్బులకు బావి చెప్పేవాడు. ఒక్కో ఖర్జూరం నా పిడికిలంత ఉండేదన్న ముక్క మాత్రం నేను నేర్పిందే.

2023 చలికాలంలో మా ముదీర్, అంటే మేనేజరు, అన్నకు తేల్చి చెప్పాడు. ఈ సీజనులో ఒక్క ఫిర్యాదూ రాకపోతేనే ఊరికి సెలవు. అన్న భార్య వజీరాబీని ఎదురుగా చూసి నాలుగేళ్లు. ఆమె అక్కడ కూర గిన్నె మీద ఫోను పట్టుకుంటే, ఈయన ఇక్కడ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన పీల్చేవాడు.

ఆఖరి వారంలో ఒకే పడవలో పోర్చుగల్‌లోని లిస్బన్ నుంచి వచ్చిన టీచరమ్మా, ఆ దీవిలోనే పుట్టిన ముసలి అరబ్బూ ఎక్కారు. ఓడవాళ్లు ఎలా వచ్చారని ఆమె అడిగింది.

"అన్నా, ఖర్జూరం చెప్పి ఖలాస్ చెయ్," అన్నాను మెల్లగా.

ముసలాయన అన్న నోటికేసే చూస్తున్నాడు. అన్న రెండు కథలూ చెప్పాడు. ఏది నిజమని ఆమె అడిగితే, రెండూ అన్నాడు. గైడుకు చరిత్ర తెలియదని ఆమె ఫిర్యాదు రాసింది. సెలవు వేసవి దాటాకే అన్నాడు ముదీర్.

ఆ సాయంత్రం అన్న వజీరాబీకి ఫోను చేశాడు. మాదొకే గది కాబట్టి నాకూ వినపడింది.

"ఆ ఒక్కటి చెప్పుంటే సరిపోయేది గదా. రెండూ ఎట్ల నిజమైతాయి?" అందామె.

"ఆయప్ప ఎదురుగా కూచోనుంటే వాళ్ల పెద్దోళ్లది అబద్ధమని ఎట్ల చెప్పేది? నేను ఇల్లిడిసిన పొద్దు సూడు. అందురూ నవ్వుతా సాగనంపినట్టే నాకు గుర్తు. నీకెట్ల గుర్తుందో."



"నేను తలుపెనక ఉంటిని," అంది వజీరాబీ. "మీరు తిరిగి చూళ్లేదు."