ఏడో షరతు

ముందే ఒప్పుకుంటున్నాను, నాది గోరంతను కొండంత చేసే నోరు. నేను చెప్పే ప్రతి అంకెలోనూ సగానికి సగం కొట్టేసి చదువుకోండి, నాకేం కోపం లేదు.

హైటెక్ సిటీలో నా ఉద్యోగం, ఉద్యోగం మానేసేవాళ్లను సాగనంపడం. మా హెచ్‌ఆర్ భాషలో దాన్ని సెపరేషన్ అంటారు. ఇప్పటికి ఓ మూడు లక్షల మందిని సాగనంపి ఉంటాను. అందుకే, ఏడాదిన్నరగా నిజాంపేటలో వేరే అద్దె ఇంట్లో ఉంటున్న మా ఆవిడ "గొడవలొద్దండి, కాగితం మీద రాసుకుని విడిపోదాం" అన్నప్పుడు, వకీలు దగ్గరికి పోకుండా ఆఫీసు ఫార్మాట్ తెరిచాను. పైన సెపరేషన్ అగ్రిమెంట్ అని ఉండనే ఉంది. కంపెనీ అన్నచోట భర్త అనీ, ఉద్యోగి అన్నచోట భార్య అనీ మార్చాను. ల్యాప్‌టాప్, ఐడీ కార్డు తిరిగి అప్పగించాలి అన్నచోట చందానగర్ ఫ్లాటులో ఆమె సగం వాటా పెట్టాను. 'ఇకపై ఏ సొమ్మూ అడగరాదు' అన్న ఏడో షరతు ఫార్మాట్‌లోదే, నేను చూసుకోలేదు. దాంతో భరణమూ కొట్టుకుపోయింది.

ఆమెకు పంపిన రెండు రోజుల్లో ప్రతి పేజీ మీదా సంతకంతో కొరియర్‌లో తిరిగొచ్చింది. ఫోన్ మాత్రం రాలేదు.

కూకట్‌పల్లిలో వకీలు ఆఫీసుకి ఏడువందల మెట్లు. విడాకులకు కోర్టు తప్పదు కాబట్టి ఇద్దరం ఎక్కాం. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పాడు.

"ఏంది సార్ ఇది, కాపురమా, కొలువా?"

తర్వాత ఆమె వైపు తిరిగాడు. "అమ్మా, గీ కాగితంతోని ఫ్లాట్‌ల మీ వాటా పోదు. పోవాల్నంటే రిజిస్ట్రేషన్ కావాలె. భరణం గూడ గంతే. వద్దని సంతకం పెట్టినా, రేపు అవసరం పడి అడిగితే కోర్టు గిది చూసి మిమ్మల్ని వాపస్ పంపదు. జర ఆలోచించుండ్రి. మీకు వేరే వకీల్ ఉంటే ఇంకా మంచిది."

నా గుండెలో బ్యాండుమేళం మోగింది. కాగితం చెల్లకపోతే మళ్లీ మొదటినుంచి మాట్లాడుకోవాలి కదా.

"ఆలోచించే పెట్టానండి సంతకం" అందామె. "నా జీతం నాకు చాలు. వాటా రిజిస్ట్రేషన్ చేసిస్తాను. భరణం వద్దన్నది విడాకుల పిటిషన్‌లోనే రాయండి, జడ్జిగారి ముందూ అదే చెబుతాను." లేస్తూ నా వైపు చూసింది. "మూడో పేజీలో ఒకచోట నన్నింకా ఉద్యోగి అనే ఉంచారు. మార్చకండి, అదే కరెక్టు."

ఆమె దిగిపోయాక వకీలు నన్ను చూసి జాలిపడ్డాడు. "పిటిషన్ ఏసినంక ఆర్నెల్లు టైముంటది సార్. మనసు మారితే వాపస్ తీస్కోవచ్చు."

అంటే నోటీస్ పీరియడ్. నా సర్వీసులో నోటీస్ పీరియడ్‌లో ఆగిపోయినవాళ్లు లేకపోలేదు. వాళ్లంతా ఏదో ఒకటి అడిగినవాళ్లు, అడిగింది ఇస్తే ఆగారు. ఈమె అడిగిందేమీ లేదు.

మెట్లు ముప్పైయే. మూడు లక్షల మంది సంగతి మీరెలాగూ కొట్టేసి ఉంటారు. అవి పెంచినవి. కల్పించింది ఒక్కటే. ఏడో షరతు ఫార్మాట్‌లో లేదు. నేనే టైప్ చేశాను. అది చదివి ఒళ్లు మండి, తిట్టడానికైనా ఫోన్ చేస్తుందని.