అమ్మ కాచిన వైన్

మా నాన్న భోజనం ముందు ప్రార్థన మొదలుపెడితే కూర చల్లారిపోయేది. విత్తినవాడి దగ్గర మొదలుపెట్టి, కోసినవాడు, మోసినవాడు, చివరికి ఉల్లిపాయలు తరిగిన అమ్మ దాకా అందరినీ తలుచుకుంటేగాని ఆమెన్ అనేవాడు కాదు. చిన్నప్పుడు నేను ఒక కన్ను తెరిచి కంచం వైపు చూస్తూ, ఎప్పుడంటాడా అని కాచుకుని ఉండేదాన్ని. పెద్దయ్యాక, ఉద్యోగం వచ్చాక, పంజాగుట్టలో మా అద్దె ఇంట్లో మళ్లీ ఆ ఒక్క మాట కోసమే కాచుకుని కూర్చోవాల్సి వస్తుందని అప్పుడేం తెలుసు?

నాన్నకు క్యాన్సర్ ఇంజెక్షన్లు ఎక్కిస్తున్న రోజులవి. ఆస్పత్రి దగ్గర్లోనే ఉందని అమ్మానాన్నలను ఒంగోలు నుంచి నా దగ్గరికి తెచ్చుకున్నాను. ఎంత దగ్గరైతేనేం, ఫ్లైఓవర్ పనుల మధ్య ఆటో ఇరుక్కుంటే కళ్లెదుట కనిపించే గేటు కూడా చేరలేకపోయేవాళ్లం. ఇంజెక్షన్లు మొదలైన కొద్దిరోజులకే నాన్న నోటికి రుచి పోయింది. అన్నం ఇసుకలా ఉందనేవాడు. పప్పుచారు పోస్తే తుప్పు నీళ్లనేవాడు. ఒకరోజు అమ్మ ఎప్పట్లాగే కంచం పెట్టి, కొంగు తలమీదికి లాక్కుని కళ్లు మూసుకుంది. ఎంతసేపటికీ ప్రార్థన వినపడకపోయేసరికి తలెత్తి చూసింది.

"రుచి తెలియనిదానికి స్తోత్రం చెబితే అబద్ధమే కదా. దేవుడి దగ్గర అబద్ధమెలా ఆడను?" అన్నాడు నాన్న.

రెండు ముద్దలు తిని లేచిపోయాడు. ఆ రోజు నుంచి మా బల్ల దగ్గర ప్రార్థన లేదు. అమ్మకు ఆయన తినకపోవడం ఒక బాధైతే, ప్రార్థన మానేయడం అంతకు పదింతలు. "తినననేవాణ్ణి బతిమాలుకోవచ్చు. ఈయన్నేమని బతిమాలనే?" అని వంటింట్లో నన్ను పట్టుకుని ఏడ్చింది. నాకు ఏడుపు రావాల్సిన చోటల్లా కోపం వస్తుంది, అదొక రోగం. ఆ నెలల్లో నేను తిట్టని ఆటోవాడు లేడు.

అమ్మకు తెలిసిన మార్గం ఒక్కటే, వండటం. మటన్ పులుసు, గుత్తివంకాయ, నాటుకోడి, ముద్దపప్పులో ఆవకాయ. నాన్నకు ప్రాణమైనవన్నీ వరసపెట్టి వండేది. నాలుకకి తగలడం లేదంటున్నాడు కదా అని ఆయనకు వేరే గిన్నెలో వండి, ఉప్పు ఇంకాస్త, పులుపు ఇంకాస్త వేసేది. రోజురోజుకీ ఆ 'ఇంకాస్త' పెరుగుతూ పోయింది. మేమిద్దరం ఆయన కంచం చూసీ చూడనట్టు తిరిగి, తర్వాత వంటింట్లో నిలబడే ఇంత పెరుగన్నం గతుక్కునేవాళ్లం. "ఉప్పు మరీ ఎక్కువైపోతోందమ్మా," అని ఒకసారి అన్నాను. "ఆయనకి తెలిసినప్పుడు ఆయనే చెబుతాడులే!" అని కసిరింది. ఆ చెప్పే రోజు కోసమే వేస్తోందని నాకు ఆలస్యంగా అర్థమైంది.

వైన్ ఆలోచన నాది. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేసి, ఉద్యోగం సంపాదించి, కంపెనీ పంపిస్తే కొన్నాళ్లు బయటి దేశంలో ఉండొచ్చాను. అక్కడ నాతో పనిచేసేవాళ్లు ఆదివారం ఇంటికి పిలిచి, మాంసం కూర పెట్టి, దాని పక్కన ఏ వైన్ పోయాలో గంటసేపు వాదించుకునేవాళ్లు. కొవ్వున్న మాంసానికి ఎర్రది, కారానికి కాస్త తియ్యటిది, పులుపుకి పుల్లటిది. జత కుదిరితే తిండిలో దాక్కున్న రుచి బయటికొస్తుందని వాళ్ల నమ్మకం. వాళ్ల తిండీ మా తిండీ ఒకటా? కానీ మునిగేవాడికి గడ్డిపోచే ఆధారం. డాక్టరుగారినడిగితే నవ్వి, "ఒకటి రెండు గుక్కలైతే ఫర్వాలేదమ్మా. ఆశ మాత్రం పెట్టుకోకండి," అన్నారు. నేను మొదటి వాక్యం మాత్రమే విన్నాను.

అమీర్‌పేటలో బోర్డు మీద అంత లావు అక్షరాలతో వైన్స్ అని రాసున్న కొట్టుకి వెళ్లి, చున్నీ సర్దుకుని, వైన్ కావాలని అడిగాను. కౌంటర్లో ఆయన నన్ను కిందికీ మీదికీ చూశాడు. "వైన్ ఈడెవరు తాగుతరు మేడమ్? అందరు విస్కీ, బీరే. జర ఆగు, క్రిస్మస్ కేకులకని తీస్కపోతరు, గా తియ్యది ఒకటుండాలె," అని లోపల్నుంచి దుమ్ముపట్టిన సీసా తెచ్చి, పాత పేపర్లో చుట్టిచ్చాడు. మిగతా రకాలు శ్రీనగర్ కాలనీ వైపు ఒక పెద్ద దుకాణంలో దొరికాయి.

అమ్మ సీసాలు చూసి గుండె బాదుకుంది. మాది చుక్క ముట్టని చర్చి సంఘం. నాన్న సంఘ పెద్ద. ఒంగోల్లో నెల మొదటి ఆదివారం ఆరాధనలో రొట్టెతోపాటు పంచే ప్రభువు బల్ల ద్రాక్షరసం చేసేది మా అమ్మే. నల్లద్రాక్ష ఉడికించి, పంచదార, రెండు లవంగాలు వేసి, దానికోసమే దాచుకున్న తెల్లటి గుడ్డలో వడకట్టేది. పొరపాటున కూడా పులవకూడదని మరగకాచేది. "పెద్దమనిషి ఇంట్లో సీసాలేంటే? సంఘంలో తెలిస్తే తలెత్తుకోగలమా?" అంది. "ఆయన మళ్లీ ప్రార్థన చేస్తే చాలదా నీకు?" అన్నాను. అమ్మ సీసాలు తీసి బియ్యం డబ్బా వెనక పెట్టింది.

మటన్ పులుసుతో ఎర్రది పోశాను. నాన్న నా మొహం చూసి, కాదనలేక, టానిక్ తాగే మూతతో ఒక గుక్క తాగాడు. "తుప్పు," అన్నాడు. గుత్తివంకాయతో తెల్లది పోస్తే, "చల్లగా ఉందమ్మా," అని ఊరుకున్నాడు. ఆవకాయ ముద్దకి ఆ కేకుల వైన్ పోశాను. కంచం పక్కకి జరిపాడు. ఆఫీసులో ఏది చెడిపోయినా తిప్పలుపడి బాగుచేసేదాన్ని. ఇంట్లో మనిషి నా కళ్లముందే చిక్కిపోతుంటే సీసాలు మార్చడం తప్ప ఏమీ చేయలేకపోయాను. ఆయన ఎక్కువకాలం ఉండడని ముగ్గురికీ తెలుసు. ఒకరితో ఒకరం అనుకోలేదు, అంతే.

చివరికి ఒక్క సీసా మిగిలింది. ఆ దేశం నుంచి వచ్చేటప్పుడు తోటివాళ్లు కానుకగా ఇచ్చిన మంచి ఎర్ర వైన్. ఒక ఆదివారం దాన్ని తీద్దామనుకుని, ముందు మందుల షాపుకి వెళ్లొచ్చాను. గుమ్మంలో అడుగుపెట్టగానే లవంగాల వాసన. వంటింట్లో ఒక పొయ్యి మీద నాన్న మటన్ పులుసు. రెండో పొయ్యి మీద పాలగిన్నెలో నా వైన్ తెర్లుతోంది. గట్టు మీద సీసా ఖాళీగా ఉంది. అమ్మ చేతిలో, ఒంగోలు నుంచి తెచ్చుకున్న ఆ తెల్లగుడ్డ.

"అమ్మా! దాన్నెవరైనా కాస్తారా?" అని అరిచాను.

"కాస్తే మత్తు పోతుందే. పంచదార వేశాను. మన బల్ల రసంలా ఉంటే ఆయన తాగుతాడు. నేను కాచి వడకట్టకుండా మీ నాన్నకెప్పుడైనా ఇచ్చానా?" అంది అమ్మ వడకడుతూనే. నేను వెళ్లి ఆ గుడ్డ రెండో అంచు పట్టుకున్నాను.

నాన్న ముందుగదిలోంచి అంతా వింటూనే ఉన్నాడు. భోజనానికి కూర్చున్నాక స్టీలు గ్లాసు ఎత్తి వాసన చూశాడు. అమ్మ వైపు, నా వైపు చూశాడు. గ్లాసు దించి కళ్లు మూసుకున్నాడు. అమ్మ గబగబా కొంగు తలమీదికి లాక్కుంది.

"తండ్రీ," అన్నాడు. "ఈ పిల్ల కొన్నదానికీ, ఈవిడ చెడగొట్టినదానికీ స్తోత్రం."

నేను ఒక కన్ను తెరిచాను. అమ్మ భుజాలు కదులుతున్నాయి, నవ్వో ఏడుపో తెలియలేదు.

"నా నోటికి ఏదీ తెలియడం లేదని నీకు తెలుసు. నీ దగ్గర నేను అబద్ధమాడను. వీళ్లిద్దరూ నాకు వండిపెట్టి, వంటింట్లో నిలబడి పెరుగన్నం తింటున్నారు. ఈ పూట వీళ్లకైనా రుచి తెలియనివ్వు."

అక్కడితో ఆగాడు. ఆమెన్ అనలేదు. కళ్లు తెరిచి, తన పులుసు గిన్నె మా వైపు జరిపి, "తినండి, ఇద్దరూ," అన్నాడు.

అమ్మ నా వైపు చూసింది. ఆ పులుసులో ఎంత ఉప్పు వేసిందో మా ఇద్దరికే తెలుసు. అన్నంలో కలుపుకున్నాం. మొదటి ముద్దకే నాలుక భగ్గుమంది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మింగలేక నాన్న గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాను. అంత ఉప్పుకీ ఆ లవంగాల తీపి అతికినట్టు సరిపోయింది. ఇన్నాళ్లకి జత కుదిరింది, కుదరాల్సిన మనిషికి తప్ప. అమ్మ కూడా, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఆ గ్లాసులోంచి ఒక గుక్క తాగి రెండో ముద్ద పెట్టుకుంది.

నాన్న మా నోళ్లకేసే చూస్తున్నాడు.

"ఎలా ఉంది?" అన్నాడు.

అమ్మ కష్టపడి మింగింది. "బాగుందండీ," అంది.

ఆయన నా వైపు తిరిగాడు.

"బాగుంది నాన్నా."

"ఆమెన్," అన్నాడు.