నంబరు లేని కంప్యూటర్

పెద్దవంగర సోమక్కకు కంప్యూటర్ అంటేనే మంట. ఆమె పత్తి వేసే చెల్క, అంటే మెట్టభూమి, సర్వే నంబరు కంప్యూటర్లో లేదని తహసీల్దారు ఆఫీసులో చెప్పిననాటి నుంచి కొడుకును వెంటబెట్టుకుని కాళ్లరిగేలా తిరుగుతూనే ఉంది. అలాంటి ఇంట్లో కొడుకు యుగేందర్ స్వయంగా ఒక కంప్యూటర్ తయారుచేశాడు. ఐఫోన్‌కు యాప్ చేయాలంటే ఆ కంపెనీ కంప్యూటరే కావాలట. అది కొనే స్తోమత లేక విడిభాగాలు తెచ్చి బిగించాడు. అది కంపెనీ చేసిందేనని నమ్మించడానికి, కంపెనీ ప్రతి కంప్యూటర్‌కూ ఇచ్చే సీరియల్ నంబరు లాంటిదే దానికొకటి కల్పించాడు. ఆ నంబరును కంపెనీ వెబ్‌సైటులో కొట్టి చూసి ఎగిరి గంతేశాడు.

"అవ్వా, గీ నంబరు లేనే లేదంటున్నరు!"

సోమక్క చేతిలోని చాట కింద పెట్టింది. "లేదంటే గట్ల నవ్వుతవేందిరా?"

"ఉంటే అది ఇంకెవలదో అయితది, దొరికిపోతం. లేదంటేనే మంచిది. ఇగ ఇది మనదే."

లేనిది మనదెలా అవుతుందో ఆమెకు ఎంతకూ బోధపడలేదు. తెర వంక చూసింది, కొడుకు వంక చూసింది.

"మరి మన చెల్క నంబరు లేదన్ననాడు ఆఫీసు మెట్ల మీద కూసొని ఎందుకు ఏడ్చినవ్‌రా?"