రెండు చుక్కల నూనె

మా ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఎవరు ఏది అడిగినా "వివరంగా చెప్తాను" అని మొదలుపెట్టడం ఆయనకు అలవాటు. అందుకే బజారంతా కలిసి వివరంగారు అని పేరు పెట్టేశారు. మొహం మీదే అలా పిలిచినా ఏమీ అనుకోడు. పైగా అదేదో గౌరవమనుకుని మురిసిపోయే రకం.

కొట్లో చెప్పేది చాలదన్నట్టు పదకొండేళ్లుగా ఒక బ్లాగు కూడా నడుపుతున్నాడు. ఆయన కాగితం మీద రాస్తాడు, నేను టైపు చేస్తాను. దారం ఎందుకు తెగుతుందో నాలుగు పేజీలు. సూది ఎటు తిప్పి పెట్టాలో రెండు పేజీలు, ఎటు తిప్పి పెట్టకూడదో ఇంకో రెండు. టైపు చేసీ చేసీ నా మెడ పట్టేసేది. ఇంతా చేసి చదివేవాళ్లు మహా అయితే నలభై మంది, అందరూ కుట్టుపని చేసుకునేవాళ్లు. కాకపోతే ఆ నలభై మందీ ఆయన రాసింది పక్కన పెట్టుకుని ధైర్యంగా మిషన్ విప్పేసేవాళ్లు. ఇన్నేళ్లలో ఆయన సంపాదించుకున్నది ఆ నమ్మకం ఒక్కటే. అది కూడా ఒక సంపాదనేనా అని నేను నవ్వేదాన్ని.

మా తమ్ముడు సెల్‌ఫోన్ కొట్లో కవర్లు అమ్ముతాడు. ఫోను అద్దం మీద బుడగ రాకుండా ప్లాస్టిక్ కాగితం అంటించడం వచ్చినందుకే లోకమంతా తనకే తెలిసినట్టు మాట్లాడతాడు. ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చి, బావ బ్లాగు తెరిచి, బొటనవేలితో కిందికి లాగుతూ లాగుతూ ఆవలించాడు. ఇంత సోది ఎవడు చదువుతాడు బావా, ఇది మానేసి సోషల్ మీడియాలో పేజీ పెట్టు, పైన ఒక ఫొటో, కింద నాలుగు లైన్లు, జనం విరగబడతారు అని అందుకున్నాడు. తిన్న చెయ్యి ఎండిపోయేదాకా వదల్లేదు.

మా ఆయన ససేమిరా అన్నాడు. నాలుగు లైన్లు సూది గురించి చెప్పడానికే చాలవన్నాడు. నేను తమ్ముడి వైపు చేరాను. తమ్ముడి మీద ప్రేమతో కాదు, మెడనొప్పితో. ఆ బ్లాగు ఆపండి, లేదంటే రేపట్నుంచి మీరే టైపు చేసుకోండి అనేశాను. ఒక్కో అక్షరాన్నీ చూపుడువేలితో వెతుక్కునే మనిషి ఇంకేం చేస్తాడు? సరేనన్నాడు.

మొదటి పోస్టు మిషన్ బిగుసుకుపోవడం మీద. ఆయన కాగితానికి రెండు వైపులా రాసిచ్చాడు. నేను ఎడాపెడా కొట్టేస్తూ పోయాను. ఒక వాక్యం దగ్గర మాత్రం ఆయన వేలు పెట్టి, ఇది ఉంచు అన్నాడు. నూనె అంటే వంట నూనె కాదు, మిషన్ నూనె, వంట నూనె వేస్తే కొన్నాళ్లకు లోపల జిగురులా గట్టిపడుతుంది అని ఉంది అందులో.

"ఆ మాత్రం తెలియనివాళ్లు మిషన్ ముందు కూర్చోవడం దేనికండీ? మరీ చంటిపిల్లలకి చెప్పినట్టు చెప్తారు" అన్నాను.

తమ్ముడు పకపకా నవ్వాడు. ఆ వాక్యం నేనే తీసేశాను. చివరికి మిగిలింది ఇది: మిషన్ బిగిసిందా? రంధ్రాల్లో వారానికి రెండు చుక్కల నూనె. అంతే!

ఆ 'అంతే' తమ్ముడి చేర్పు. పక్కన ఒక మెరుపు బొమ్మ కూడా పెట్టాడు.

రెండు రోజుల్లో పదకొండు వేల లైకులు. పుట్టి బుద్ధెరిగి సూదిలో దారం ఎక్కించని వాళ్లంతా వచ్చి సూపర్ అనీ, కేక అనీ రాసిపోయారు. ఒకాయన గులాబీ పువ్వు పెట్టి శుభోదయం చెప్పాడు, సాయంత్రం ఐదింటికి. వాళ్లననుకోవడమెందుకు, మా ఆయనే మారిపోయాడు. ఎదురుగా మనిషిని నిలబెట్టి ఫోనులో లైకులు చూసుకోవడం మొదలుపెట్టాడు. రిపేరుకొచ్చిన వాళ్లతో కూడా "రెండు చుక్కలు, అంతే" అంటుంటే నాకు ఒళ్లు మండేది. పొగడ్తకి మనిషి ఇంత చవగ్గా దొరికిపోతాడా అనిపించేది. బ్లాగు మూడు నెలలు అలాగే పడి ఉంది.

బడులు తెరిచే ముందు, ఒక గురువారం, ఒకావిడ మిషన్ తలకాయను దుప్పట్లో చుట్టుకుని రెండు బస్సులు మారి మా కొట్టుకొచ్చింది. ఆ నలభై మందిలో ఆవిడా ఒకరు. సోమవారానికి బడికి నలభై ఐదు జతల యూనిఫారాలు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ పని పెద్ద కొట్టుకి వెళ్లిపోతుంది. ఏడాది పొడుగునా ఆవిడకు ఆధారం ఆ బడి పనే. దుప్పటి విప్పుతూనే ఇదంతా చెప్పింది.

మా ఆయన పైమూత తీశాడు. కొట్టంతా మాడిపోయిన మూకుడు వాసన. లోపల పసుపుపచ్చటి జిగురు. బిగిసిన చక్రాన్ని ఆవిడ బలవంతంగా తిప్పింది కాబోలు, పళ్లచక్రం విరిగి ఉంది. అది బయటి ఊరి నుంచి రావడానికి వారం పడుతుంది. ఏ నూనె వేశారమ్మా అని అడిగాడు. వంట నూనే అంది. ఎవరైనా వేస్తారా అని నా నోటిదాకా వచ్చింది.

"ఇన్నాళ్లూ మిషన్‌తో వచ్చిన సీసాలోది వేసేదాన్నండి. అది అయిపోయింది. ఏ నూనె అని మిమ్మల్ని అడుగుదామనుకున్నా. మళ్లీ మీరు ఏదీ వదలకుండా చెప్పే మనిషి కదా, తేడా ఉంటే ఆ రెండు చుక్కల పోస్టులో రాసేవారే కదా అని ఇంట్లోదే వేశా" అంది.

నేను వంగి ఆవిడ దుప్పటి మడతపెట్టాను.

కొట్లో ఉన్న పాత మిషన్ ఒకటి మా ఆయన ఆవిడకిచ్చి, తనే బస్సెక్కించి వచ్చాడు. అలవాటు లేని మిషన్ మీద సోమవారానికి ముప్పై ఒక్క జతలే అయ్యాయి. మిగతావి బడివాళ్లు పెద్ద కొట్టుకిచ్చేశారు. వచ్చే ఏడాది పని కూడా అక్కడికే. సంగతి తెలిసి తమ్ముడు, నూనె అంటే ఏ నూనో తెలియకపోతే మన తప్పా అక్కా అన్నాడు. చెంప పగలగొట్టాలనిపించింది. వాడన్నది మూడు నెలల కిందట నేనన్న మాటే. అందుకే చెయ్యి లేవలేదు.

మర్నాడు మా ఆయన బ్లాగుకి ఆరు పేజీలు రాసి నా ముందు పెట్టాడు. ఏ నూనె, ఎందుకు, ఎవరి మిషన్ ఏమైంది, అన్నీ వివరంగా ఉన్నాయి. నాలుగో పేజీలో ఇలా ఉంది: వంట నూనె వద్దన్న వాక్యాన్ని పొట్టిగా ఉండాలని నేనే తీసేశాను.

అక్కడ ఆగి ఆయన వైపు చూశాను. ఆయన విరిగిన చక్రం మీద జిగురు గీకుతున్నాడు.

"అది అలాగే ఉండనీ" అన్నాడు, తలెత్తకుండా.

కాదు, నా పేరు రాయండి అనొచ్చు. అనలేదు. ఇంత నోరున్న దాన్ని, అంత పిరికిదాన్నని నాకే అసహ్యమేసింది. ఒక్క అక్షరం మార్చకుండా టైపు చేశాను. ఆయన రాసింది కదా, చదివిన వాళ్లంతా నమ్మారు.