మేడం పోయిన సంగతి అమ్మకు చెప్పొద్దన్నారు

పులివెందులలో పొద్దున డ్యూటీకి ఎక్కి చేతులు కడుక్కుంటాంటే ఫోనొచ్చింది. నాతో నర్సింగు చదివిన పిల్ల. "మేయ్, మేడం పోయింది. టీ తాగి కుర్చీలో కూర్చున్నట్టే పోయిందంట. గుండె. సాయంత్రం జమ్మలమడుగులో మట్టి చేస్తారంట" అనింది. "ఊరుకో, మొన్న నాతో మాట్లాడింది గదా" అని దానిమీదే కసురుకున్నా. చావుకు మొన్నా నిన్నా ఏం పని!

సెలవడిగి బయటికొచ్చేసరికి ప్రొద్దుటూరు నుంచి మా అన్న. వానికి ఎవురో అప్పటికే చెప్పినారు. "నువ్వు మట్టికి పో. అమ్మకు మాత్రం చెప్పాకు. ఇంటే మళ్ళా మంచం పడతాది." ఆ మాట పట్టుకొని బస్సెక్కినా. కిటికీ తీస్తి, మూస్తి, మళ్ళా తీస్తి. పక్కనామె నన్ను మిటకరించి సూసింది.

మా మేడం జమ్మలమడుగు నుంచి వచ్చి ప్రొద్దుటూరులో మాకు మానసిక రోగుల నర్సింగు చెప్పేది. క్లాసులో ఒక్క పొద్దూ కూర్చునేది కాదు, బెంచీల మధ్య తిరుగుతానే ఉండేది. డిప్రెషన్ అంటే ఏందని అడుగుతాది. మేం పుస్తకంలో ఉండేది గడగడా అప్పజెప్తే, "ఏందిమే, నోట్లో పుస్తకం పెట్టుకొని మాట్లాడతాండావు? మీ అవ్వకు అర్థమయ్యేట్టు చెప్పు" అనేది. కుటుంబం గురించిన థియరీలన్నీ మాకు ఒక నులకమంచంతో చెప్పింది. "ఒకపక్క తాడు జారితే మంచమంతా వాలుతాది. మనమేమో పండుకున్నోళ్ళ నడుమును తిడతాం. ఒకరు దిగులుతో పడుకుంటే, మిగతావాళ్ళు ఎట్ల నిలబడినారో సూడండి."

మా పక్క ఆడోళ్ళకు మనసు బాగాలేకున్నా నీరసమనే అంటారు. ఒక గ్లూకోజు బాటిల్ ఎక్కించమంటారు. డాక్టరు రాస్తే మేం ఎక్కిస్తాం. వార్డులో ట్రైనింగప్పుడు మేడం స్టూలు లాక్కొని, మంచంమీద ఉండే ఆయమ్మను కాదు, సుట్టూ నిలబడినోళ్ళను పలకరించేది. "బాటిల్ అయ్యేదాకా వీళ్ళు యాడికీ పోలేరు. మాట్లాడనీకి ఇంతకంటే మంచి టైం లేదు" అనేది. మేం నవ్వేవాళ్ళం.

నేను చదువుకునేటప్పుడే మా అమ్మ మంచం పట్టింది. ఎందుకమ్మా అంటే చెప్పను రాదు. అన్నం ముందర పెడితే గోడ సూసేది. డాక్టరు దగ్గరికి తీసకపోయినాం, మాత్రలిచ్చినాడు. మా ఇంట్లోవాళ్ళు చెడ్డోళ్ళు కారు, అదే ఈడ తమాషా. వదిన పొయ్యి దగ్గరికి రానీదు. నాయన బర్రెను తానే సూసుకుంటాడు. నాయనను కన్న జేజి ఇరుగుపొరుగును వాకిట్లోనే ఆపేస్తాది. అమ్మ సొంత అక్క దువ్వూరులో ఉంటాది, ఆమెకు పక్షవాతం వస్తే ఆ మాట గూడా దాచిపెట్టినారు. ఏమన్నా అంటే "రెస్టు తీసుకోనీ" అంటారు.

నేను ఏడిస్తే మేడం మా ఇంటికొచ్చింది. అందరినీ సాపమీద కూర్చోబెట్టి, ఒక్కొక్కరు చెప్పింది నిమ్మళంగా ఇనింది. ఆఖర్న అనింది: "మాత్రలు మానొద్దు. కానీ మాత్రకు ఇల్లు తోడు కావల్ల. ఇంత ప్రేమగా ఒక మనిషిని ఇంట్లోనుంచి ఎల్లగొట్టేది నేను యాడా సూళ్ళేదు." నాయన మొగం మాడిపోయింది. నాకు లోపల్లోపల సంతోషమైంది, ఒప్పుకుంటా.

తర్వాత మేడం పొయ్యి దగ్గరికి పోయి, వదిన చేతిలోని కట్టె తీసుకొని సంగటి కెలకను పట్టింది. పిండి ఉండలు కట్టింది. అమ్మ మంచం మీదినుంచి సూస్తానే ఉంది, సూస్తానే ఉంది. తట్టుకోలేకపోయింది. "ముందు ఆ వాచీ తీయి తల్లీ. సంగటి కెలికేది అట్లనా!" అనింది. శానా దినాలకు ఆమె నోట్లోంచి వచ్చిన నిండు మాట అది. అప్పుడే బాగైపోయిందని అబద్ధం చెప్పను. మాత్రలు మింగింది, ఏడ్చింది, మళ్ళా పడుకుంది, మళ్ళా లేసింది. కానీ పొయ్యి మాత్రం ఎవురికీ ఇయ్యలేదు.

ఇప్పుడు ఆ మేడమే పోయింది. దాచిపెట్టమంటాండేది మళ్ళా మా ఇంటోళ్ళే. ముద్దనూరు దాటినా నాకు నిలకడ లేదు. చెప్పినాక పడుకుంటే? ఈసారి లేపనీకి మేడం యాడుంది? చెప్పకపోతే, రేపు ఇంకొకరి నోట ఇంటే? మేడం అనేది: "దుఃఖం వేరే, దిగులు వేరే. దుఃఖానికి వాకిలి మూస్తే దిగులు దొడ్డిదోవన వస్తాది." అనేది సులభమే మేడం, అమ్మ నీ అమ్మ కాదు గదా అని చచ్చిపోయినామెతో మనసులోనే కొట్లాడినా. జమ్మలమడుగు స్టాండులో బస్సు ఆగింది. లేసినా. మళ్ళా కూర్చున్నా. ప్రొద్దుటూరుకు టికెట్టు కొట్టించినా.

అమ్మ వాకిట్లో మిరపకాయలకు తొడిమలు తీస్తాంది. చెప్పేసినా. చాట పక్కకు తోసి నేలమీద కూర్చోని పెద్దగా ఏడ్చింది. "సెప్తే ఇనవు గదా నువ్వు!" అని అన్న నన్ను కొట్టేట్టు సూసినాడు. ఏడ్చి ఏడ్చి, కొంగుతో మొగం తుడుచుకొని, "ఏంది అందరూ నన్నే సూస్తాండారు? ఆటో పిలువు రా. మట్టికి అందుకోవల్ల" అనింది అమ్మ.

అందుకున్నాం. మట్టి చేసినాక మేడం ఇంటికొస్తే, ఆమె భర్త, రిటైరైన సారు, కుర్చీలో బొమ్మలెక్క కూర్చున్నాడు. సుట్టూ బంధువులు. "మీరు లేయొద్దు సార్, అన్నీ మేం సూసుకుంటాం" అంటాండారు. అమ్మ వాళ్ళను తోసుకొని సారుకు ఎదురుగా పోయి నిలబడింది.

"అన్నా, దూరం నుంచి వచ్చినోళ్ళుండారు. మంచినీళ్ళియ్యల్ల. గ్లాసులు యాడుండాయి?"

"నాకు తెల్దు తల్లీ. అన్నీ ఆమెకే తెలుసు."

"అయితే ఎతుకు."

ఎవురో "ఏమ్మా, ఇప్పుడా!" అని గసిరినారు. అమ్మ కదల్లే. సారు కుర్చీ చేతులు పట్టుకొని మెల్లగా లేసి వంటింట్లోకి పోయినాడు. ఒక తలుపు తీసినాడు, బియ్యం డబ్బాలు. ఇంకొకటి తీసినాడు, పాత పేపర్లు. నేను సాయం పోబోతే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకొని ఆపింది. లోపల స్టీలు గ్లాసులు ఒకదానిమీద ఒకటి పడిన చప్పుడైంది.

"దొరికినాయి" అన్నాడు సారు.