పొట్టేలు రాల్చిన పళ్లు

సోలార్ ప్లేట్ల కంచె పక్కన గొర్రెలు మేపుతుంటే, మా పొట్టేలు వెనక్కి నాలుగడుగులు వేసి పరుగెత్తుకొచ్చి నన్ను గుద్దింది. పై వరుసలో ముందు పళ్లు రెండూ రాలిపోయాయి. మా ఊరు బలసముద్రంలో మాత్రం ఎలుగుబంటితో కుస్తీ పట్టానని చెప్పుకున్నాను. ఎలుగు ఏమైందని అడిగినవాళ్లకు, దానికీ పళ్లు కట్టిస్తున్నారని చెప్పాను.

పావగడ పళ్ల డాక్టరమ్మ నా దవడ ఎముకలో స్క్రూలు బిగించింది. నెలల తరబడి గంజి తాగాక వాటి మీద కొత్త పళ్లు పెట్టి, "కొన్నాళ్లు గట్టివి కొరకొద్దు" అని మరీ మరీ చెప్పింది.

నేను వింటానా? ఆ వారమే మా ఆవిడ వేరుశనగ కాయలు వేయిస్తుంటే, ఒకటి తీసి అలవాటుగా ముందు పళ్లతో కొరికాను. టక్కుమంది. నాలుక మీద గట్టిదేదో దొర్లింది. మళ్లీ ఆ స్క్రూలు, ఆ గంజి గుర్తొచ్చాయి.

"పన్ను ఊడిపోయిందే," అన్నాను.

ఆమె పెనం మీద నుంచి చూపు తిప్పలేదు. "ఈ తూరి ఎవురు కొట్టినారు? ఎలుగా, చిరుతా?"

నా కళ్లలో నీళ్లు చూశాకే లేచింది. సంతలో గొర్రె వయసు కోసం పళ్లు చూసినట్టు నా గడ్డం పట్టి, పెదవి ఎత్తి, బొటనవేలితో రెండు పళ్లూ కదిపింది. నోట్లోంచి గట్టిదాన్ని తీసి నా చేతిలో పెట్టింది. కాయకు అంటుకొచ్చిన గులకరాయి.

"రెండు పండ్లూ గట్టిగా ఉండాయి. సంతకు తోల్కపోతే రెండు పండ్ల లేత పొట్టేలని ఎగబడి కొంటారులేప్పా," అంది.

ప్రాణం లేచొచ్చింది. నిజం చెబుతున్నాను, ఆ ఎలుగుబంటితో కుస్తీ పట్టినప్పుడు కూడా నాకంత భయం వేయలేదు.