కోసేసిన పాటలో మా అక్క

మొన్న ఆదివారం మా మనవరాలు టీవీలో నెట్ ద్వారా ఒక పాత సినిమా పెడితే, యాగంటి మెట్ల మీద తీసిన పాట కోసం పొయ్యి కూడా ఆర్పేసి వచ్చి కూర్చున్నాను. హీరో కొండ దగ్గరికి వచ్చాడు, మరుక్షణం ఎవరిదో పెళ్లి భోజనాల దగ్గర తేలాడు. పాట లేదు. వెనక్కి తిప్పించాను, మళ్లీ అంతే. "ఇంతే ఉందవ్వా, ఇంకోటి పెడతా లే" అంది పిల్ల. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ పాటలో మా అక్క ఉంది.

నాకప్పుడు పద్నాలుగేళ్లు. అక్కకు పెళ్లి కుదిరితే, మొక్కు తీర్చుకోవడానికి ఆళ్లగడ్డ నుంచి ఇంటిల్లిపాదీ యాగంటికి వెళ్లాం. అక్కడ షూటింగు వాళ్లు మెట్లకు అడ్డంగా తాడు కట్టి, వచ్చిన భక్తులందరినీ ఎండలో నిలబెట్టారు. మా నాయన కూడా చేతులు కట్టుకుని నిలబడితే, అక్క మాత్రం కొబ్బరికాయల బుట్ట చంకనెత్తుకుని తాడు దాటేసింది. ఆపబోయిన మనిషితో, "యాడికప్పా పొమ్మంటాండావ్? మీ ఆట అయినాంక మేం దేవుణ్ణి చూడల్లా?" అంటూ మెట్లెక్కేసింది. కెమెరా తిరుగుతూనే ఉంది. నంద్యాలలో ఆ సినిమా ఆడినప్పుడు, హీరో హీరోయిన్ల వెనక చెయ్యి విసిరి తిడుతున్న అక్కను చూసి మా వరుసంతా లేచి నిలబడి అరిచాం. కొత్త పెళ్లికూతురు మా అక్క మాత్రం కొంగుతో మొహం కప్పుకుంది.

అక్క పోయి తొమ్మిదేళ్లయింది. ఉన్న ఫోటోలన్నిటిలోనూ బిగుసుకుపోయి, ఎవరో పరాయి మనిషిలా ఉంటుంది. కదిలే అక్క, కోపం వచ్చిన అక్క, ఆ పాటలో తప్ప ఇంకెక్కడా లేదు.

మా కొడుకు చేత, నెట్‌లో ఆ సినిమా చూపించే కంపెనీకి ఫోన్ చేయించాను. అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా, నిడివి తగ్గించిన సినిమానే తమకు వచ్చిందని చెప్పి, ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగింది. నెలనెలా డబ్బు కట్టించుకుని, మా అక్కను కోసేసి, ఇంకేం సహాయం చేస్తుంది?

ఆ సినిమా డీవీడీ నా బీరువాలో భద్రంగానే ఉంది, మా ఆయన కొన్నది. ప్లేయరు అడిగితే, సున్నాలు వేయించినప్పుడు పాత సామాన్ల వాడికి ఇచ్చేశానన్నాడు కొడుకు.

"ఇప్పుడు అవి ఎవరు చూస్తాండారమ్మా?"

"నేను చూస్తాండా. నన్నడిగినావా?"

మరునాడే బస్సెక్కి నంద్యాల వెళ్లాను. మూడు షాపుల్లో కుర్రవాళ్లు నవ్వారు. నాలుగోచోట, టేపురికార్డర్లు బాగుచేసే పెద్దాయన నవ్వలేదు. దుమ్ము తుడిచి ఒక ప్లేయరు తీసి, నా డిస్కు వేసి చూపించి, "ఈటి కోసం ఇంకా వస్తాండారమ్మా. వచ్చినోళ్లందరూ కోపంగానే వస్తారు" అన్నాడు.

ఆ సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి పాట చూపించాను. మనవరాలు నాలుగుసార్లు వేయమంది. అయినా నా కోపం చల్లారలేదు, చల్లారాలని కూడా లేదు. మా కాలంలో సినిమా వెళ్లిపోతుంటే గోడ మీద చివరి రోజని కాగితం అంటించేవాళ్లు, మేం పరుగెత్తి చూసి వచ్చేవాళ్లం. ఇప్పుడు పేరు ఉంటుంది, బొమ్మ ఉంటుంది, లోపల మనిషిని తీసేస్తారు. అప్పట్లో ఏదైనా పోతే, పోయిందని కనీసం తెలిసేది.